తొమ్మిది అంకెల తాత

సావనీరుకి ఏదో ఒకటి రాయవోయ్ అని మా మేగజైన్ సెక్రటరీ వారం రోజులు నా వెంటపడ్డాడు. కవిత్వం నాకు రాదు, కథ చేతకాదు, సైన్సు వ్యాసం రాస్తే రాసినవాడూ ప్రూఫులు దిద్దినవాడూ తప్ప ఎవరూ చదవరు అని తప్పించుకోబోయాను. "నీ ఫైలు పోయిన గొడవ రాయి. కాలేజీలో అందరికీ సగం సగమే తెలుసు" అన్నాడు. అదీ నిజమే. ఆ కథ తిరిగి తిరిగి క్యాంటీన్‌లో నా చెవిని పడేసరికి నా లాప్‌టాప్ చెరువులో పడిపోయినట్టూ, నేను మూడు రోజులు అన్నం మానేసినట్టూ మారిపోయింది. నేను అన్నం మానలేదు. చెరువు సంగతి అసలే అబద్ధం. మిగతాది చెప్తాను.

మాది టెక్కలి అవతల, వంశధార ఎడమ కాలువకి శివారు ఊరు. శివారు అంటే ఏమిటో కాలువ మొదట్లో పొలాలున్నవాళ్లకి తెలియదు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి నీరు వదిలారని పేపర్లో పడిన రోజున కూడా మా మదుం దగ్గర పిల్లలు గోళీలాడుకుంటూ ఉంటారు. రెండెకరాల పల్లం, ఎకరం గరువు మాది. పల్లంలో వరి, గరువులో జీడి. అన్నం పల్లం పెడుతుంది, ఫీజులు గరువు కడుతుంది. ఈ కథలోని లాప్‌టాప్ కూడా జీడిపిక్కల డబ్బుతో కొన్న సెకండ్ హాండుదే.

మా తాత చదివింది అయిదో తరగతి. అయినా ఆయనకో చిట్టా పుస్తకం ఉండేది. వడ్డీ లెక్కలు కావు అందులో. ఏ కార్తెలో మొదటి వాన పడింది, ఆకుమడి ఎప్పుడు పోశాడు, ఉభాలు ఎప్పుడు అయ్యాయి, కాలువ నీరు మా మదుం దాకా ఏ రోజున వచ్చింది (కొన్ని ఏళ్లకి ఆ గడి ఖాళీయే), కళ్లంలో ఎన్ని బస్తాలు తేలాయి. రోజూ రాసేవాడు కాదు, రాయాలనిపించినప్పుడు రాసేవాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా ఇంటి పెంకులు లేచిపోయి, దూలం మీద పెట్టిన ఆ పుస్తకం వానకి నాని ముద్దయిపోయింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడిపోయి జనం నెత్తీ నోరూ కొట్టుకుంటున్న రోజులు. పుస్తకం పోయిందని ఏడ్చే తీరిక ఎవరికుంది? తాత మాత్రం ఆ ముద్దని రెండు రోజులు ఎండలో పెట్టి, విప్పబోతే చిరిగిపోయాక, తీసుకెళ్లి పేడకుప్పలో వేశాడు.

ఇప్పుడు నేను బి.ఎస్సీ. మూడో ఏడు, కంప్యూటర్ సైన్సు. ప్రాజెక్టు ఏం చేస్తావు అంటే అందరూ లైబ్రరీ మేనేజిమెంటు అనేవారే. సూపర్ సీనియర్ల దగ్గర్నుంచి అదే లైబ్రరీ చేతులు మారుతోంది. నాకెందుకో చిట్టా పుస్తకం గుర్తుకొచ్చింది. కిందటి వేసవి సెలవుల్లో తాతని మంచం మీద కూర్చోబెట్టి, నేను పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, జ్ఞాపకం ఉన్నదంతా చెప్పమన్నాను.

ప్రోగ్రాం పెద్దదేమీ కాదు. పైథాన్‌లో రాశాను. సూర్యుడు చుట్టూ తిరిగే 360 డిగ్రీలని 27 నక్షత్రాలకి పంచితే ఒక్కొక్కదానికి 13 డిగ్రీల 20 నిమిషాలు. ఆ ముక్క దాటడానికి సూర్యుడికి పట్టే పదమూడున్నర రోజులే మన కార్తె. తేదీ ఇస్తే కార్తె చెప్తుంది. వరి రకం ఇస్తే ఎప్పుడు పొట్ట మీదికి వస్తుంది, ఎప్పుడు ఎన్ను తీస్తుంది లెక్క కడుతుంది. స్వర్ణ 150 రోజుల పంట. జూన్ 15న విత్తితే నవంబరు 12కి కోత. కోతకి నెల ముందు పూత అనుకుంటే అక్టోబరు 13. ఇప్పుడు చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. మూడూ చిత్త కార్తె మొదట్లోనే. ఆ లెక్క తెర మీద వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. తాత లేవలేదు. "సిత్త సంగతి నీ పెట్టె సెప్పాలేటిరా బావు" అన్నాడు.

ఆయన చెప్పిన మాటలు చెప్పినట్టుగానే ప్రోగ్రాం మధ్యలో కామెంట్లుగా రాసుకున్నాను. కామెంటు అంటే తెలియనివాళ్లకి: హాష్ గుర్తు పెట్టి రాసింది మిషను చదవదు, మనుషుల కోసమే. ఒక్కోదానికి నంబరు వేశాను. తాత 1, తాత 2, అలా 64 వరకు. "తాత 12: రోయినిలో ఇత్తనం బయటికి తీసి ఎండకి సూపించాల, సల్లడానికి కాదు." "తాత 31: శివారోడికి కాలవ మీద నమ్మకం ఉండకూడదు. ఆకుమడి సెరువు కింద పొయ్యి. ఉభాలప్పుడు కాలవొస్తే ఒచ్చినట్టు." "తాత 47: సిత్తలో గాలి తిరిగితే ఎన్ను మీదున్న సేనుకి నీరు తీసీ. నీరుంటే ఏరు వదులైపోయి పడిపోద్ది."

వినాయక చవితి వెళ్లిన వారానికి తాతకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. వింటాడు, అర్థమవుతుంది, కోపం కూడా వస్తుంది. మాటే లేదు.

ఇంక అసలు గొడవకి వస్తాను. డిసెంబరులో ఒక రాత్రి, శ్రీకాకుళంలో మా అద్దె గదిలో, ప్రాజెక్టు ఇవ్వడానికి తొమ్మిది రోజులుందనగా, నేను ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్ బిగుసుకుపోయింది. దాని పేరు చెప్పను, దానిదే తప్పని రుజువు చేయలేను. సేవ్ నొక్కాను. గిరగిరా తిరిగే గుర్తు తిరుగుతూనే ఉంది. పది నిమిషాలు చూశాను. ఎడ్లు మొరాయిస్తే కాస్సేపు ఆగాలని తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణే, అయినా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. మళ్లీ పెట్టాక ఫైలు ఉంది. సైజు కూడా సరిగ్గానే ఉంది, 41,216 బైట్లు. తెరిస్తే ఏమీ లేదు. లోపల ఏముందో ఇంకో ప్రోగ్రాంతో చూశాను. సున్నా, సున్నా, సున్నా. నలభై ఒక్క వేల రెండు వందల పదహారు సున్నాలు.

ఇదెలా జరుగుతుందో మా మేడమ్ తర్వాత చెప్పారు. డిస్కులో ఫైళ్ల జాబితా ఒక చోట, ఫైళ్లలోని సరుకు ఇంకో చోట ఉంటాయి. ఈ ఫైలు ఇంత పొడుగు అని జాబితాలో ముందు ఎక్కింది. సరుకు దించే లోపల నేను గొంతు నులిమేశాను. నాకు అర్థమైన భాషలో చెప్పాలంటే అడంగల్లో రెండెకరాల వరి అని రాసి ఉంది, వెళ్లి చూస్తే పొలంలో మొక్క లేదు.

వేరే కాపీ లేదా అని అందరూ అడిగేదే. లేదు. ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఆ రాత్రి నేను చేసిన రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది. పోయిన ఫైళ్లు తెచ్చిపెడతానని చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి నెట్‌లోంచి దించి, అదే డిస్కు మీద ఎక్కించాను. దొంగ వెళ్లిన అడుగుజాడల మీదే ఊరంతా తిరిగినట్టు. డిస్కులో చెరిపేసిన ఫైలు వెంటనే చెరిగిపోదు. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రం పడుతుంది. ఆ ఖాళీలో కొత్తది రాసేవరకు పాత సరుకు అక్కడే ఉంటుంది. నేను కొత్తది రాశాను. రాసి, రాత్రి రెండు గంటల దాకా దానిచేత వెతికించి, ఏమీ దొరక్క పడుకున్నాను.

మా రూమ్మేటు ఓదార్చాడు పాపం. "తెలుగులో రాస్తే క్రాష్ కాక ఏమవుతుందిరా?" అన్నాడు. వాడు మనసులో పెట్టుకున్నది 2018 ఫిబ్రవరి సంగతి. జ్ఞా అన్న అక్షరం ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్లలో మెసేజీల ఆప్‌లు కుప్పకూలేవి. జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక గుర్తు, దీర్ఘం, అంతే. లోకంలో అంత ఖరీదైన ఫోను మన జ్ఞానం ముందు నిలవలేదని అప్పట్లో అందరూ నవ్వుకున్నారు. ఆపిల్ వాళ్లు అదే నెల 19న 11.2.6 అనే సవరణ వదిలి దాన్ని సరిచేశారు. నా ఫైలు పోవడానికి తెలుగు కారణం కాదని నాకు తెలుసు. కానీ ఆ రాత్రి ఆ మాట గుచ్చుకుంది.

మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్లాను. తిడతారనుకున్నాను. ఆవిడ మొదట లాప్‌టాప్ ఆపించేశారు. "ఇంక దీన్ని ఆన్ చేయకు. ఆన్ చేసిన ప్రతిసారీ అది ఎక్కడో ఒక చోట రాస్తూనే ఉంటుంది" అన్నారు. తర్వాత, "ప్రోగ్రాం అంతా ఒకటే ఫైలా, రెండా?" అని అడిగారు. రెండు. ఒకటి చిన్నది, నడిపించేది. అది పెద్దదాన్ని ఇంపోర్ట్ చేసుకుంటుంది. పోయింది పెద్దది. అది విని ఆవిడ ముఖం కొంచెం విచ్చుకుంది.

పైథాన్‌కి ఒక అలవాటుంది. ఇంపోర్ట్ చేసుకున్న ఫైలుని ప్రతిసారీ మొదటినుంచి చదవడం ఎందుకని తన భాషలోకి మార్చి, పక్కన ఒక ఫోల్డర్లో దాచుకుంటుంది. ఆ దాపుడు ఫైలు ఉంటే పని సగం అయినట్టే అన్నారు. అయితే దాన్ని తియ్యడానికి లాప్‌టాప్ ఆన్ చేయనివ్వలేదు. డిస్కు ఊడదీయించి, లాబ్‌లో లినక్స్ ఉన్న కంప్యూటర్‌కి తగిలించి, చదవడానికి మాత్రమే వీలయ్యేట్టు తెరిచి, 500 జీబీ మొత్తాన్నీ బయటి డిస్కు మీదికి నకలు తీయించారు. నాలుగు గంటలు పైగా పట్టింది. అటెండరుగారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆయనకి రెండు టీలు బాకీ ఇంకా.

దాపుడు ఫైలు దొరికింది. ఆ మధ్యాహ్నం నడిపినప్పటిది. అందులో మన అక్షరాలు ఉండవు, మిషనుకి కావలసిన ఆజ్ఞలే ఉంటాయి. అయితే ఫంక్షన్ల పేర్లు, వేరియబుళ్ల పేర్లు, అంకెలు అన్నీ భద్రం. వాటిని విడదీసి చూపించే పనిముట్టు కూడా పైథాన్‌లోనే ఉంది. విడదీసినదాన్ని చూస్తూ, ఇక్కడ కూడిక, ఇక్కడ పోల్చడం అని లైను లైనూ తిరిగి రాశాను. మూడు రాత్రులు. నా ప్రోగ్రాం నాకే పరాయివాడిదిలా ఉండేది, కొన్ని చోట్ల ఆ పరాయివాడు మరీ తెలివితక్కువగా రాశాడు. అవి సరిచేశాను కూడా. నాలుగో రోజు పొద్దున జూన్ 15, స్వర్ణ అని ఇస్తే అక్టోబరు 13 అని వచ్చింది. మేడమ్ నా భుజం తట్టి, "ప్రాజెక్టు గట్టెక్కింది పో" అన్నారు.

నేను కదల్లేదు. కామెంట్లేవి మేడమ్ అన్నాను.

కామెంట్లు మిషనుకి అక్కర్లేదు. దాచుకునేటప్పుడు మొట్టమొదట పారేసేది వాటినే. ఫంక్షన్ మొదట్లో మూడు కొటేషన్ గుర్తుల మధ్య రాసినవైతే ఉండిపోతాయి. అలా నేను రాసినవి నా ఇంగ్లీషు వివరణలు, తప్పుల తడకలు. అవన్నీ భద్రంగా వచ్చాయి. తాతవి అరవై నాలుగూ లేవు.

"మార్కులకి కామెంట్లు అవసరం లేదు కదయ్యా" అన్నారు మేడమ్. అప్పుడు చెప్పాను తాత సంగతి. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. "కామెంట్లు ఏ భాషలో రాశావు?" అన్నారు చివరికి. తెలుగులోనండి అన్నాను, తప్పు చేసినవాడిలా. "అయితే దొరకొచ్చు" అన్నారు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఈ వ్యాసంలో ఉన్న సైన్సంతా ఈ పేరాలోనే ఉంది. కంప్యూటర్‌కి అక్షరం అంటే అంకె. ఇంగ్లీషు అక్షరానికి ఒక అంకె చాలు. డిస్కు నిండా ఇంగ్లీషే. ప్రోగ్రాములూ, సెట్టింగులూ, పనికిరాని చెత్తా అంతా ఇంగ్లీషు. అందులో నా ఇంగ్లీషు కామెంటు వెతకడమంటే గడ్డివాములో గడ్డిపరక వెతకడం. తెలుగు అలా కాదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి తన అరలు తనకి ఇచ్చారు. ఇప్పుడు ఫైళ్లలో రాసే పద్ధతి ప్రకారం తెలుగులో అక్షరమైనా గుణింతం గుర్తైనా ఒక్కొక్కటి మూడు అంకెలు. మొదటిది ఎప్పుడూ 224. రెండోది 176 గాని 177 గాని. మూడోదే మారుతుంది. త అంటే 224, 176, 164. దీర్ఘం 224, 176, 190. కాబట్టి తాత అంటే 224, 176, 164, 224, 176, 190, 224, 176, 164. తొమ్మిది అంకెలు. దానికి ముందు హాష్ గుర్తు 35, ఒక ఖాళీ 32. ఈ వరస 500 జీబీలో ఎక్కడున్నా పట్టుకోమని ఇరవై లైన్ల ప్రోగ్రాం రాశాం.

ఎందుకు ఉండాలి అక్కడ? మేడమ్ చెప్పిన కారణం ఇది. చాలా ఎడిటర్లు సేవ్ చేసినప్పుడు పాతదాని మీద రాయవు. కొత్త ఫైలు రాసి, పాతదాన్ని పక్కకి తోసేస్తాయి. వేసవి నుంచి నేను సేవ్ నొక్కిన ప్రతిసారీ ఒక పాత ప్రతి ఖాళీ స్థలంలోకి పోయింది. నాది పళ్లెం తిరిగే పాతకాలపు డిస్కు. మా క్లాసులో అందరూ దాన్ని రుబ్బురోలు అనేవారు. కొత్త రకం డిస్కయితే చెరిపినవాటిని తనే తుడిచిపెట్టేసేది. రుబ్బురోలు తుడవలేదు.

రాత్రి పెట్టి పొద్దున చూశాం. మొదటిసారి హాష్ పెట్టడం మరిచిపోయి తాత అని మాత్రమే వెతికాం కాబోలు, రూమ్మేటు చూసిన కామెడీ సినిమాల పేర్లు, ఎవరో తాతగారి సంతాప సందేశం అన్నీ వచ్చాయి. హాష్‌తో కలిపి వెతికితే తెర మీద ఒక్కొక్కటే దిగడం మొదలెట్టాయి. తాత 12. తాత 13. తాత 31. మళ్లీ తాత 12, ఇంకో పాత ప్రతిలోంచి. తాత 47. లాబ్‌లో ఉన్నది నేనూ అటెండరుగారూ. ఆయన వచ్చి నా భుజం మీంచి చదివి, "ఇది మా ఊరి మాటే" అన్నారు. ఆయనది మందస వైపు.

యాభై ఏడు పూర్తిగా వచ్చాయి. నాలుగు ఎక్కడా లేవు. అవి నేను ఆ రాత్రి దించిన సాఫ్ట్‌వేర్ కింద పడి ఉంటాయని మేడమ్ అనుమానం. అనుమానం కాదు, అంతే. మూడు తెగిపోయాయి. డిస్కు 4,096 బైట్ల ముక్కలుగా చోటు ఇస్తుంది. 4,096ని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అందుచేత తెలుగు వాక్యం ముక్క చివరికి వచ్చేసరికి ఒక్కోసారి అక్షరం మధ్యలో తెగుతుంది. తర్వాత ముక్క దొరక్కపోతే అంతే సంగతులు. రెండింటిని నేనే పూరించుకోగలిగాను. మూడోది తాత 58. "నారు మడిలో ఉండాల్సింది ర" అని ఉంది. దాని తర్వాత ఒంటరిగా ఒక 224. అంటే ఏదో గుణింతం గుర్తు మొదలైంది. ఏ గుర్తో తెలియదు.

క్లాసులో ఒకసారి మేడమ్ చెప్పారు, 1998లో టాయ్ స్టోరీ 2 సినిమా తీస్తుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క ఆజ్ఞతో చాలా భాగం చెరిగిపోయిందట, బేకప్‌లు కూడా పనిచేయలేదట. చంటిబిడ్డ ఉందని ఇంటి దగ్గర్నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే ఆవిడ ఇంట్లో ఒక కాపీ ఉండబట్టి సినిమా దక్కింది. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చారట. తాత 58కి కూడా ఇంటి దగ్గర ఒక కాపీ ఉంది. మాట లేదు, అంతే.

ఆ శనివారం ఇంటికి వెళ్లాను. కుప్పనూర్పు రోజులు, నాన్న కళ్లం నుంచి ధూళితో వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. సంగతంతా చెప్పాను. ఆయన విన్నది ఒకటే ముక్క. "ఇత్తనం ఒక్క గాదెలోనే ఎవుడైనా ఎడతాడా?" అన్నాడు. నేనేం జవాబు చెప్పను?

తాత మంచం పక్కన కూర్చుని మొదటినుంచి చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. 31 దగ్గర గొంతులో ఏదో చప్పుడు చేశాడు, నవ్వేమో. దొరకని నాలుగింటి దగ్గర "ఇది పోయింది తాతా" అని దాటేశాను. 58 దగ్గరికి వచ్చి, "నారు మడిలో ఉండాల్సింది... ఆ తర్వాత ఏటి తాతా?" అన్నాను. కళ్లు తెరిచాడు. ఎడమ చెయ్యి దుప్పటిలోంచి తీసి రెండు వేళ్లు చూపించాడు.

"రెండు రోజులా?"

చెయ్యి మంచం పట్టీ మీద గట్టిగా కొట్టాడు. కోపం.

"రెండు వారాలా?" మళ్లీ కొట్టాడు. నేను రోహిణి నుంచా అన్నాను, ర కుదురుతుందని. ఈసారి ముఖం తిప్పేసుకున్నాడు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "రెండు కార్తెలురా! ఏటా అనేవోరు కదా, నారు రెండు కార్తెలే పుట్టింట ఉండాలని." తాత ముఖం ఇటు తిరిగింది. రెండు వేళ్లూ ఇంకా అలాగే ఉన్నాయి.

పదమూడున్నర రెండుసార్లు వేస్తే ఇరవై ఏడు. నారు వయసు 25 నుంచి 30 రోజులు అని మా పుస్తకంలో ఉంది. నేను టైపు చేశాను. పెన్‌డ్రైవులో ఒకటి, నాన్న ఫోన్లో ఒకటి, మేడమ్ మెయిలుకి ఒకటి పంపాను. దొరకని నాలుగు కూడా ఏమిటో అమ్మనే అడగాల్సిందని అప్పుడు తట్టింది. పొయ్యి దగ్గరికి వెళ్లి అడిగాను. రెండు చెప్పింది, మూడోది సగం చెప్పి ఆగింది, గుర్తొచ్చాక చెప్తాలే అంది. అన్నం వడ్డించి, చెయ్యి తుడుచుకుని, గోడ కేలండరు వెనక పెన్సిల్‌తో అవి రాసుకుంది.